ఉప్పుదొర చావని సాయంత్రం

రెండువేల రెండో సంవత్సరం చలికాలంలో ఒక టెలివిజన్ యాక్షన్ సీరియల్‌కి ఫైట్ మాస్టర్‌గా నన్ను పలాస పంపారు. వారానికొక భాగం ప్రసారమయ్యే సీరియల్ అది. కథంతా ఉద్దానం తీరంలో జరుగుతుంది కాబట్టి పలాసలో లాడ్జి తీసుకుని, జీడితోటల్లో కొన్నాళ్ళు, సంతబొమ్మాళి వైపు ఉప్పుమడుల్లో కొన్నాళ్ళు, అక్కుపల్లి ఒడ్డున కొన్నాళ్ళు షూటింగ్ చేసేవాళ్ళం. అప్పటికే నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఎగిరే పని అసిస్టెంట్లకు అప్పగించి, అరిచే పని మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను.

ఫైట్ మాస్టర్ అంటే కొట్టడం నేర్పేవాడని చాలామంది అనుకుంటారు. కొట్టడానికి పెద్ద విద్య అక్కర్లేదు. చెయ్యి మనిషికి జానెడు దూరంలో గాలిలో తిరుగుతుంది, అంతే. ఆ గాలిదెబ్బను నిజం దెబ్బగా చూపించేది దాన్ని తినేవాడు. మెడ ఎప్పుడు తిప్పాలి, ఏ కాలు ముందు తడబడాలి, ఏ భుజం మీద నేలకు ఆనాలి అన్నది వాడి పని. దాన్ని మేము రియాక్షన్ అంటాం. హీరో బలమంతా విలన్ రియాక్షన్‌లోనే ఉంటుంది. ఈ సంగతి చెబితే హీరోలకు కోపం వస్తుంది కనుక పనిలో ఉన్నంతకాలం చెప్పలేదు. ఇప్పుడు నాకు ఎవరి కోపంతోనూ పని లేదు.

ఆ సీరియల్‌లో విలన్లు ముగ్గురు. ఒకడు నగరం నుంచి దిగిన లాయరు, నవ్వుతూ కొంపలు ముంచేవాడు. రెండోవాడు గుండు చేయించుకున్న కత్తులవాడు. కథలో ఒక్క మాట మాట్లాడడు, సెట్లో నోరు మూయడు. ఇద్దరూ నాకు ఇష్టమే. కానీ నాకూ, ఊళ్ళవాళ్ళకూ అందరికన్నా ఇష్టమైనవాడు ఉప్పుదొర. తీరమంతా తనదేనంటూ ఉప్పుమడులు ఆక్రమించుకునే పాత్ర అది. ఆ వేషం వేసినవాడు సింహాచలం అనే కోటబొమ్మాళి మనిషి. పలాసలో జీడిపిక్కలు వేయించే ఒక బట్టీలో మేస్త్రీగా ఉంటూ, జాతరలకు నాటకాలాడేవాడు. భారీ విగ్రహం, కంచు గొంతు. ఈ సీరియల్‌ని నమ్ముకుని బట్టీ పని మానేశాడు. దెబ్బ తినడంలో అంత శ్రద్ధ ఉన్నవాళ్ళను నేను మద్రాసులో కూడా ఎక్కువమందిని చూడలేదు. పడి లేచాక, ఒంటికి అంటిన ఇసుక దులుపుకోకముందే, కొట్టినవాడి చెయ్యి నొప్పెట్టిందేమోనని అడిగేవాడు.

ఆదివారం భాగం ప్రసారమైతే సోమవారం ఒడ్డున దాని ప్రభావం కనిపించేది. హీరో కారు దిగితే దూరం నుంచి దండం పెట్టేవారు. సింహాచలం దిగితే కొబ్బరిబొండాలు వచ్చేవి, వాటి వెనకే తిట్లు వచ్చేవి. “ఏటి మావా, నిన్న ఆ ముసిల్దాని గుడిసె తగలెట్టీసినావు, నీకు కూడెలాగ దిగింది?” అని ఒక పెద్దావిడ నిలదీసి, ఆ చేత్తోనే వేయించిన చేప ముక్కలు ఆకులో పెట్టి ఇచ్చింది. “డైరెట్రు సెప్పినాడప్పా, నానేటి సేత్తాను?” అంటూ ఆయన తలొంచుకుని తిన్నాడు.

అలాంటివాణ్ణి చంపెయ్యాలని డైరెక్టరు నిర్ణయించాడు. కొత్త విలన్ రాకపోతే కథ కదలదట. సముద్రంలో పడవ మీద పోరాటం, హీరో దెబ్బకు ఉప్పుదొర పడవలోనే కూలి ప్రాణం విడుస్తాడు. సింహాచలం వాదించలేదు. నన్ను పక్కకు పిలిచి, “ఇదే ఆకరి పాటు గదా మాస్టారూ, బాగా పడతాను. బట్టీవోళ్ళు మల్లా రమ్మంతారో లేదో” అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది. కానీ కథలో ఎవరు బతకాలి, ఎవరు చావాలి అన్నది ఫైట్ మాస్టర్ హోదాకు అందే విషయం కాదు. ఎలా చావాలన్నంత వరకే మా అధికారం.

పడవ అక్కుపల్లి పోలయ్యది. అతనూ, అతని తమ్ముడూ తెడ్లు వేస్తూ హీరో మనుషులుగా తెర మీద కనిపించాలి. నేను సన్నివేశం వివరించగానే పోలయ్య తెడ్డు ఇసుకలో గుచ్చి నిలబడ్డాడు.

“మా నావల పీనుగు పడుకోడానికి నానొప్పుకోను బాబూ. నాటకమైనా సరే. నాటకమని గంగమ్మ తల్లికి ఎవులు సెప్తారు?”

డైరెక్టరు బతిమాలాడు, తర్వాత గుమ్మడికాయ కొట్టి శాంతి చేయిస్తానన్నాడు. పోలయ్య వినలేదు. రోజూ కూడు పెట్టే పడవ అతనిది, భయం అతనిది. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. అందుకని ఇసుకలో గీసి ఇంకో దారి చూపించాను. ఉప్పుదొర పడవలో పడడు, అంచు మీదుగా వెనక్కి నీళ్ళలో పడతాడు. డైరెక్టరు మొహం వెలిగిపోయింది. దొర మునిగిపోతుంటే పడవ వెనుదిరిగి చూడకుండా ఒడ్డుకు సాగిపోతుంది, అదే చివరి షాట్ అన్నాడు. పోలయ్యను అడిగితే, “పడ్డం వరకు మాకేటి అడ్డం లేదు” అన్నాడు.

సింహాచలానికి ఈత అంతంతమాత్రం. అంత ఒళ్ళున్న డూప్ ఎక్కడా దొరకడు. అందుకని కెమెరా ఉన్న రెండో పడవ చాటున ఇద్దరు ఈతగాళ్ళను సిద్ధంగా ఉంచాను. హీరో కాల్షీటు, అంటే అతను మాకు ఇచ్చిన రోజులు, ఆ సాయంత్రంతో సరి. వెలుతురు కూడా ఒక్క టేకుకే సరిపడా ఉంది. రెండోసారి అనే మాట లేదని అందరికీ చెప్పాను.

హీరో చెయ్యి విసిరాడు. సింహాచలం మెడ తిరిగింది, ఎడమ కాలు తడబడింది, అంత మనిషీ అంచు మీదుగా వెనక్కి ఒరిగి నీళ్ళలో పడ్డాడు. నేను చేయించిన పడటాలన్నిటిలో అంత అందమైనది ఇంకోటి లేదు. దొర వేషానికి తొడిగిన తోలు కోటు నీళ్ళు తాగి బరువెక్కింది. తల ఒకసారి పైకి లేచి మళ్ళీ మునిగింది. ఈతగాళ్ళు బయల్దేరారు. పడవ సాగిపోవాలని ఒడ్డు నుంచి డైరెక్టరు చెయ్యి ఊపాడు.

పడవ సాగలేదు, గిర్రున వెనక్కి తిరిగింది. ఈతగాళ్ళు చేరేలోపే తమ్ముడు తెడ్డు చాపాడు, పోలయ్య నడుం దాకా వంగి ఉప్పుదొర కాలర్ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని వలను లాగినట్టు లోపలికి లాగేశారు. ఏం చెయ్యాలో తెలియక హీరో ఒక పక్కకు ఒదిగి నిలబడ్డాడు. డైరెక్టరు కట్ అని ఎంత అరిచినా గాలికి వినబడలేదు. కట్ వినబడేదాకా కెమెరా ఆపకూడదన్నది కెమెరామన్ నియమం కాబట్టి అంతా టేపులోకి ఎక్కింది.

ఒడ్డుకు చేరాక డైరెక్టరు పోలయ్య మీద విరుచుకుపడ్డాడు. పోలయ్య తలపాగా విప్పి సింహాచలం తల తుడుస్తూనే జవాబిచ్చాడు. “నావలోంచి మనిసి పడితే ఎక్కించుకోకుండా ఒడ్డుకెల్లే ఆచారం మాకు లేదు బాబూ. పగోడైనా ఎక్కించాల.” అదంతా నటన కదయ్యా అని డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు. “సావు నటన. పడ్డోడు నిజంగానే పడినాడు గదా” అన్నాడు పోలయ్య. అలా వెనక్కి తిరగడంలో ఆచారం పాలెంత, ఉప్పుదొర మీద అభిమానం పాలెంత అని నేను తూకం వెయ్యలేదు.

మళ్ళీ తీసే వీలు లేదు కనుక ఉన్న షాట్‌నే వాడుకున్నారు. ఆ వారం ప్రేక్షకులు హీరోని తెగ మెచ్చుకున్నారు, శత్రువును కూడా కాపాడిన మహానుభావుడని. అతను చేసింది ఒదిగి నిలబడటం ఒక్కటే. ఉప్పుదొర జైలుకెళ్ళాడు, పారిపోయి వచ్చాడు, సీరియల్ ముగిసే దాకా మళ్ళీ చావలేదు. సింహాచలం మళ్ళీ బట్టీకి వెళ్ళాల్సిన అవసరం రాలేదు. కొత్త విలన్ ఒకడు వచ్చాడు గాని, అతనికి అక్కుపల్లిలో ఎవరూ బొండం కొట్టి ఇవ్వలేదు.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి చోటా ఒక పద్ధతి పాటించాను. పడ్డవాడు లేచి, తన కాళ్ళ మీద తాను నిలబడ్డాడని నా కళ్ళతో చూసేదాకా ప్యాకప్ చెప్పనిచ్చేవాణ్ణి కాదు. ఎలా పడాలో నాకు మద్రాసులో గురువుగారు నేర్పారు. ఈ రెండో సగం అక్కుపల్లి పడవలో నేర్చుకున్నాను.