అడ్డపొగ

"పచ్చడి కలపకే, నోరు మండుతోంది" అంది మా అప్ప. "మరేటి కలిపేది, ఇంట్లో ఉన్నదదే" అన్నాను నేను. అక్కాచెల్లెళ్ళం, మా మధ్య అవే ఆఖరి మాటలు.

మొన్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో నోటి పరీక్షలకని నర్సమ్మలు బల్ల వేస్తే, వరసలో నిలబడ్డ మన ఆడోళ్ళని చూసి అది గుర్తొచ్చింది. నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది.

మమ్మల్నిద్దర్నీ శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడ రైలు వేగన్లు బాగుచేసే షాపులో పనిచేసే అన్నదమ్ములకిచ్చారు. మా వైపు ఆడోళ్ళకి అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. ఈ హిందీవాళ్ళు నవ్విపోతారని మా మగాళ్ళు మాన్పించామనే అనుకున్నారు గానీ, మేమిద్దరం వెనకవాకిట్లో తలుపేసుకుని కాల్చేవాళ్ళం. మా తిండంటే ఊరగాయ, ఎండుచేప, అంతే. ఇక్కడి ఆడోళ్ళు పక్కనున్న ధర్సీవా నుంచి గంపల్లో చేచ్ భాజీ అనే ఆకుకూర తెచ్చి అమ్మితే, ఆ ఆకు వీళ్ళ తిండి, మనది కాదని మొహం తిప్పుకునేవాళ్ళం.

అప్ప అంగిట్లో తెల్లమచ్చ నేను చూశాను. చూసి ఊరుకున్నాను. డాక్టరు ఎలా వచ్చిందని అడుగుతాడు, చెబితే నా చుట్ట కూడా బయటపడుతుంది, అదీ నా భయం. ఆ మచ్చే పుండై అప్పని తీసుకుపోయింది. తరవాత మా ఆయన పోయినప్పుడు కూడా అంత కుమల్లేదు.

అప్ప పోయిన మరుసటేడు మొదటిసారి ఇలాగే పరీక్షలు పెడితే, మనవాళ్ళు ఒక్కరూ నోరు తెరవలేదు, కొంగు అడ్డం పెట్టుకుని మాకేటీ లేదనడమే. అప్పుడు నేనే వెళ్ళి, అప్ప మొగుడు చూస్తుండగానే నోరు తెరిచి, నేనూ కాల్చాను, అప్పా కాల్చింది, చూసుకోండి అన్నాను. ఆ బావగారు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. నా నోట్లోనూ మచ్చ తేలింది, ముందే దొరికింది గనక బతికాను. వెనక ఒక ముసలామె "సిగ్గులేనిదానా, జరుగు, నాది కూడా చూడనీ" అని నన్ను తోసి కూచుంది. ఆమె వెనక అందరూ.

మళ్ళీ చుట్ట ముట్టలేదు. ఆకుకూర తింటే నోటికి మంచిదని నర్సమ్మలు చెబితే, ఇంటింటికీ తిరిగి పప్పులో చేచ్ భాజీ వేసేలా చేశాను. జిగురని తిట్టారు, తిన్నారు.

ఇప్పుడు చుట్టలు లేవు, కోడళ్ళు పళ్ళకి గుడాఖూ రుద్దుతారు, అదీ పొగాకేనంటే నవ్వుతారు. నవ్వనీ, కాళ్ళున్నన్నాళ్ళూ తిరుగుతాను. ఒకరి గుట్టు ఒకరు కాచుకునే ఆ చనువు ఇప్పటివాళ్ళలో లేదు. పోవడమే మంచిదైంది, అయినా మనసు దానికోసం వెతుక్కుంటుంది.

రాశావా గుంటా? చూసి ఊరుకున్నానన్న మాట మెత్తగా మార్చలేదు కదా? ఏదీ, అక్కడి నుంచి చదువు.