ఏసోబన్న నీరో వేషం కోసం షమాల్ దాకా

సింహాసనాలు నిలబెట్టేవాడూ కూల్చేవాడూ అయిన దేవునికి స్తోత్రం. ఎడారిలోనూ తన ప్రజలను మరువని ఆయన్ని స్తుతించి ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను.

దోహాలోని మా తెలుగు సంఘం ఈస్టరుకు నీరో నాటకం వేయాలనుకుంది. పేతురు, పౌలు వేషాలకు పోటీ పడ్డారు గానీ నీరో వేషానికి ఒక్కరూ ముందుకు రాలేదు. నా చిన్నతనంలో, గోదావరి లంకలోని మా ఊరి చర్చిలో, ఆ వేషం ఏసోబన్నది. ఆయనిప్పుడు ఖతార్ ఉత్తర కొసన, మదీనత్ అల్ షమాల్‌లో ఇంటి డ్రైవరు. ఇక్కడి సెలవు రోజైన శుక్రవారం జరిగే మా ఆరాధనకు ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. వేషం పేరు చెప్పి ఆయన్ని మళ్లీ సంఘంలోకి తేవాలని నా ఆశ.

శనివారం ఉదయం తొమ్మిదింటికి అల్ దోహా అల్ జదీదాలోని నా గది నుంచి బయలుదేరి బస్సు ఎక్కాను. వెళ్లేవారు నీళ్లు వెంట ఉంచుకోండి. పక్క సీట్లో బర్వా అల్ బరాహా కార్మికుల వసతిలో ఉండే జగిత్యాల మేస్త్రీ.

“నీరో అంటె రోమ్ కాలుతుంటె ఫిడేల్ వాయించినోడే గదన్నా?”

“ఫిడేలు అప్పటికి లేదు తమ్ముడూ. పాటల పిచ్చి మాత్రం ఉండేది. కన్నతల్లిని చంపించాడు. నగరం కాలితే ఆ నింద విశ్వాసుల మీద వేసి, వాళ్లను కాగడాల్లా కాల్పించాడు. చివరికి కావలివాళ్లు కూడా వదిలేస్తే, పారిపోయి గొంతులో కత్తి దించుకున్నాడు.”

“తల్లిని సుత సంపిండా? గసొంటోని ఏషం ఎవలేస్తరే. నీ బస్సు ఫులూస్, గా పైసలన్ని దండగ,” అని నవ్వి, తన సైటు దగ్గర దిగిపోయాడు.

కిటికీ అవతల బూడిదరంగు నేల. నాకు మాత్రం మా చర్చి ముందు బల్లల వేదిక, చీరల తెరలు, బంగారు కాగితం అంటించిన కిరీటం, నీరో రాగానే అమ్మల వెనక దాక్కున్న మేమూ కనిపించాం.

పదకొండున్నరకు దిగి ఫోన్ చేసి, కరక్ చాయ్ తాగేలోగా ఏసోబన్న వచ్చి, యజమాని ఇంటి గేటు పక్కనున్న తన గదికి తీసుకెళ్లాడు. జుట్టు నెరిసింది. గొంతు అదే. ఆ ఇంట్లో వంట చేసే లక్ష్మమ్మ, రాయచోటి వైపు పెద్దావిడ, మాకు పప్పన్నం తెచ్చి గుమ్మంలో కూర్చుంది.

నాటకం గురించి చెప్పి, “వేషం సంగతి ఎలా ఉన్నా ఆరాధనకైనా రా అన్నా,” అన్నాను.

“ఎలా రమ్మంటావురా? నీరోని మొహం మీద పెట్టుకునే వచ్చేశాను నేను.”

మా ఊళ్లో ఓ ఆచారం ఉండేది. నీరో చచ్చాక వేషగాడు తెర వెనక్కి పోకూడదు. కిందికి దిగి చాప మీద కూర్చుంటే, సంఘంలో అందరికన్నా పెద్దావిడ తడిగుడ్డతో రంగు తుడిచి “ఇంటికొచ్చేశావయ్యా” అనాలి. ఆ తరువాతే ముగింపు ప్రార్థన. ఏసోబన్న ఆఖరిసారి వేసిన ఏడు పెద్దావిడ జ్వరంతో రాలేదు. ఇంకెవరికీ తోచలేదు. ఆయన చాలాసేపు కూర్చుని, లేచి, బోరింగు దగ్గర తనే కడుక్కున్నాడట. ఆ వారమే గల్ఫ్ విమానం ఎక్కాడు. అప్పటి నుంచీ ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టలేదు.

“గుడ్డతో తుడవకపోతే దేవుడు చేర్చుకోడని వాక్యంలో లేదన్నా.”

“వాక్యం నాకూ తెలుసురా. చాప మీద కూర్చున్నది నేను.”

“ఎవురప్పా ఆ నీరో?” అంది లక్ష్మమ్మ. “ఎప్పుడూ ఆ పేరే గొణుగుతాంటావు. ఏదీ, చేసి చూపీ.”

ఏసోబన్న దుప్పటి భుజాన వేసుకున్నాడు. ఊరు తగలబెట్టి పాడుకునే చక్రవర్తి, గుర్రపు డెక్కల చప్పుడుకు ఉలికిపడే చక్రవర్తి, తోడు రమ్మని పిలిస్తే పలికేవాడు లేని చక్రవర్తి, కత్తి పట్టుకుని గుచ్చుకోలేక వణికే చక్రవర్తి. కూలిపోయి, లేచి, అలవాటుగా చాప మీద కూర్చున్నాడు. చెమటలు కారుతున్నా కదల్లేదు. లక్ష్మమ్మ నావైపు చూసింది.

“తుడవండి పెద్దమ్మా. ఇక్కడ పెద్దావిడ మీరే.”

“నేను మీ దేవున్ని మొక్కేదాన్ని కాదు గదప్పా.”

ఏసోబన్న మొహం ఎత్తాడు. ఆవిడ తువ్వాలు కుళాయి కింద తడిపి ఆయన నుదురు, కళ్లు, మెడ తుడిచింది.

“ఊరు కాల్చినోనికి ఈ మాత్రం చెమట పట్టదా? రా, కూడు సల్లారిపాయ.”

ఆయన లేవడానికి చాలాసేపు పట్టింది. చేయి కడుక్కుంటూ అడిగాడు: “శుక్రవారం ఆరాధన ఎన్నింటికిరా?”

“వేషం వేస్తావా?”

“ముందు రొట్టె. మిగతావి తర్వాత. సెలవు ఇంకా అడగాలి.”

నాలుగింటి బస్సులో తిరిగి వస్తూ ఆలోచించాను. నీరో ఏలుబడిలోనే పౌలు సంకెళ్లలో ఉండి ఉత్తరం రాస్తూ, కైసరు, అంటే ఆ చక్రవర్తి, ఇంట్లోని విశ్వాసుల వందనాలు కూడా పంపాడు. వాళ్లు వంటవాళ్లో, బండి తోలేవాళ్లో అయ్యుంటారు. చక్రవర్తి పేరు లోకమంతా ఎరుగును. వాళ్ల పేర్లు ప్రభువు ఎరుగును.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. ఏసోబన్నకు శుక్రవారం సెలవు దొరకాలని, బల్ల దాకా ఆగకుండా నడవాలని, లక్ష్మమ్మ చేతులను దేవుడు దీవించాలని మాతో కలిసి ప్రార్థించండి. ఆమేన్.