సంచిలోని నీళ్ల సీసా

1984 జూన్‌లో నన్ను నంద్యాల పట్టణ మలేరియా విభాగం నుంచి శిరివెళ్ల, ఆళ్లగడ్డల మధ్య ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా వేశారు. పదోన్నతి అన్నారు. నా కింద నలుగురు ఆరోగ్య కార్యకర్తలు, నా పైన ఒక వైద్యాధికారి, ఆయన పైన కర్నూలు. అప్పగించిన పని నారికురుపు నిర్మూలన.

ఇప్పటివాళ్లకు నారికురుపు అంటే తెలియదు. తెలియకపోవడమే మా శాఖ సాధించిన ఘనకార్యం కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. బావినీళ్లలో సైక్లోప్స్ అని కంటికి ఆనీ ఆనని పురుగు ఒకటి ఉంటుంది. దాని కడుపులో నారిపురుగు పిల్ల ఉంటుంది. ఆ నీళ్లు తాగిన మనిషికి ఏడాది పాటు ఏమీ తెలియదు. ఏడాది తిరిగేసరికి కాలి మీద బొబ్బ లేచి, అందులోంచి తెల్లని దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. పొడవు మూర నుంచి రెండు మూరలు. ఆ మంట చన్నీళ్లలో కాలు పెడితే తగ్గుతుంది. అందుకని మనిషి దిగుడు బావిలోకి దిగి కాలు ముంచుతాడు. పురుగు తన పిల్లల్ని అక్కడ వదులుతుంది. బావి వచ్చే ఏటికి సిద్ధమవుతుంది.

దీనికి మందు లేదు. మా దగ్గర ఉన్నవి మూడు ఉపాయాలు: నీళ్లను రెండు మడతల గుడ్డతో వడకట్టించడం, బావిలో టెమిఫాస్ అనే మందు వేసి సైక్లోప్స్‌ను చంపడం, బావి మెట్లు మూయించి గిలకతో చేదుకునేటట్టు చేయడం. ఇంత తేలికైన పని ఏడాదిలో అయిపోతుందని కర్నూలు శిక్షణలో చెప్పారు. చెప్పినాయన కుళాయి నీళ్లు తాగేవాడు.

నాకు కష్టం వచ్చింది ఒక ఊరి పేటలో. ఊరి పేరు రాయను. పేటలో అందరూ క్రైస్తవులు, ఎక్కువగా కూలివాళ్లు, ఇద్దరు ముగ్గురు పంతుళ్లు. ఊళ్లోవాళ్లది గిలక బావి. దాని దగ్గరికి పేటవాళ్లు వెళ్లే ఆనవాయితీ లేదు. వాళ్లకున్నది ఒక్క దిగుడు బావి. రాతి మెట్లు, నలభై రెండు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఇరవయ్యో మెట్టు దాటాక చల్లగా ఉండేది. నీళ్లు తియ్యగా ఉండేవి. బడి దగ్గర ప్రభుత్వం వేసిన చేతిపంపు ఉంది గానీ, ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదు. పప్పు ఉడకని నీళ్లు మంచివి, ఉడికే నీళ్లు చెడ్డవి అని ఆడవాళ్లకు నచ్చజెప్పడం నా ఉద్యోగం.

టెమిఫాస్ సంగతి మొదటి వారంలోనే తేలిపోయింది. అది పిల్లలు పుట్టకుండా చేసే మందని పేట నిశ్చయించుకుంది. వంతులు వేసుకుని బావికి కాపలా కాశారు. ఎనిమిదేళ్ల కిందట, ఎమర్జెన్సీలో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం మనుషుల్ని ఎక్కించుకుపోయిన జీపును వాళ్లు మరచిపోలేదు. అలాంటి జీపుల్లో ఒకదాని ముందు సీట్లో, నంద్యాల వైపు, నేనూ కూర్చున్నాను. అందువల్ల వాళ్లది మూఢనమ్మకమని రాయడానికి నా పెన్ను కదల్లేదు. 'ప్రజల సహకారం ఆశించినంత లేదు' అని రాశాను. ప్రభుత్వ తెలుగులో దానికి అర్థం, తరిమారని.

పేటలో ఎవరైనా మాట వింటే ఎస్తేరమ్మ మాటే వింటారని మా కార్యకర్తలు చెప్పారు. అరవై ఏళ్ల మనిషి, భర్త లేడు. నారిపురుగును తీసేది ఆమే. బయటికి వచ్చిన తలను చీపురుపుల్లకు దూదితో కట్టి, రోజుకు ఒక చుట్టు చొప్పున మెల్లగా చుట్టేది. తొందరపడి లాగితే పురుగు లోపల తెగి కాలు చీము పడుతుంది. ఆమె చేతిలో తెగిన దాఖలా లేదు. ఆమె కొడుకు దేవదానానికి పాతికేళ్లు, సేద్యం కూలి. మూడేళ్లుగా విత్తనం పడే రోజుల్లో సరిగ్గా అతనికి నారి లేచేది. ఊరంతా పొలాల్లో ఉంటే అతను పంచలో కాలు చాపుకుని కూర్చునేవాడు. నాలుగో ఏడు రాకుండా చూడాలని ఆమె ఆశ. ప్రార్థన చేస్తోంది. నేను గుడ్డ కట్టమన్నాను.

గాజుగొట్టంలో బావినీళ్లు పట్టి, భూతద్దం ఇచ్చి, సైక్లోప్స్‌ను చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇది నువ్వుగింజలో సగం కూడా లేదు గద సారూ. దీన్ని ఈ పొద్దు తాగితే వచ్చే ఏడు కాల్లోంచి రెండు మూరలు వస్తాదా? అది పురుగు కాదు, ఎండకు ఉడికిన నరం. ఎవురికి చెప్తాండావు?"

నిజాయితీగా చెప్పాలంటే, బి.ఎస్సీ.లో జంతుశాస్త్రం చదివినప్పుడు నేనూ ఆ సంగతి నమ్మలేదు. పరీక్షలో రాశాను, అంతే.

ఇక సీసా గురించి. శిక్షణలో మాకు ఖచ్చితంగా చెప్పిన మాట, క్షేత్రంలో కాచి చల్లార్చిన నీళ్లు తప్ప తాగొద్దని. నేను ఆదేశాలు పాటించే మనిషిని. ఆళ్లగడ్డలో అద్దెకున్న గదిలో పొద్దున్నే నీళ్లు కాచి, సీసాలో పోసి, సంచిలో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. దాహమైతే నలుగురిలోనే తీసి తాగేవాణ్ణి. మంచి ఉదాహరణ చూపిస్తున్నానని నా అభిప్రాయం.

ఆ జూలైలో ఒక మధ్యాహ్నం ఎస్తేరమ్మ పంచలో కూర్చుని, ఎనిమిదిమంది ఆడవాళ్లకు అరగంట సేపు వడకట్టడం గురించి చెప్పాను. గొంతు ఎండిపోయింది. సంచిలోకి చెయ్యి పెట్టాను. ఎస్తేరమ్మ లేచి లోపలికి పోయి ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు నిలబడింది.

"ఏం సారూ, మా నీళ్లు తాగుతావా, నీ సీసా తీస్తావా?"

ఎనిమిదిమందీ నా చేతి వంకే చూస్తున్నారు. నేను ఏ ఇంటివాణ్ణో వాళ్లకు తెలుసు. ఆ పంచలో నా బోటివాడు నీళ్లు వద్దంటే దానికి ఒకే అర్థం ఉంది, ఆ అర్థానికి సైక్లోప్స్‌తో ఏ సంబంధమూ లేదు. చెంబు అందుకుని తాగాను. చివరి దాకా తాగాను. జేబులో చేతిరుమాలు ఉన్న సంగతి గుర్తొచ్చేసరికి చెంబు ఖాళీ అయింది.

అంత మంచి నీళ్లు నేను అంతకు ముందు తాగలేదు.

సాయంత్రానికి పేటంతా ఒకటే మాట. వడకట్టమని చెప్పే సారే వడకట్టకుండా తాగినాడంట, ఇంక మనకేం భయమని. మేం పంచిన గుడ్డలు తర్వాతి వారానికి తలపాగాలై పొలాలకు పోయాయి. ఒకటి చంటిబిడ్డ ఉయ్యాలలో కనిపించింది. ఆ ఏడాది నా నివేదికల్లో ఆ పేట గురించి రాయదగ్గది ఏమీ లేదు.

1985 జూలై మొదటి వారంలో నా ఎడమ చీలమండ పైన దురద పుట్టింది. తర్వాత మంట, ఆ తర్వాత బొబ్బ. అది ఏమిటో గుర్తుపట్టడానికి జిల్లాలో నాకన్నా ఎక్కువ శిక్షణ పొందినవాళ్లు చాలా తక్కువమంది. మూడోనాడు బొబ్బ పగిలి తెల్లని కొస బయటికి వచ్చింది.

వైద్యాధికారి చూసి చాలాసేపు గంభీరంగా ఉన్నారు. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. కట్టు కట్టగలను గానీ చుట్టి తీసే నేర్పు నాకు లేదని, పేటలో తీసే మనిషి ఉందన్నావు కదా అని అన్నారు. నిర్మూలన సూపర్‌వైజర్ పేరు రోగుల రిజిస్టరులో ఉంటే కర్నూలులో బాగుండదేమో, ముల్లు గుచ్చుకుందని రాసుకోవచ్చని కూడా సూచించారు. మర్యాద కోసమే చెప్పారు. రాత్రంతా ఆలోచించి, మర్నాడు రిజిస్టరులో నా పేరు, నా వయసు, నా హోదా నేనే రాసుకున్నాను. తర్వాత కుంటుకుంటూ బస్సెక్కాను.

పంచలో నాకన్నా ముందే దేవదానం ఉన్నాడు. నాలుగో ఏడూ వచ్చింది. ఈసారి మోకాలి పక్కన లేచింది. కీలు వాచి కాలు మడత పడడం లేదు. కాలు మడవలేనివాడు నాగలి పట్టలేడు, కలుపు తీయలేడు, ఇంకే కూలికీ పిలవరు. అతను నా కాలు చూసి ఆ నొప్పిలోనూ నవ్వాడు.

"ఏంది సారూ, నీ సీసాలో గూడా పురుగులుండాయా?"

నేనూ నవ్వాను. ఎస్తేరమ్మ నవ్వలేదు. ముందు కొడుకుది ఒక చుట్టు చుట్టి, చేతులు కడుక్కుని, నా కాలు తన ఒడిలో పెట్టుకుంది.

పద్దెనిమిది రోజులు వెళ్లాను. రోజుకు ఒక చుట్టు. చుట్టేటప్పుడు మాట్లాడకూడదని ఆమె నియమం. చుట్టాక వేపాకు నూరి పెట్టి, తన గిన్నెలోని సంగటి నాకూ పెట్టేది. నాలుగో రోజో ఐదో రోజో నేను పంచలో కూర్చుని నా రోగి పత్రం పూర్తి చేస్తున్నాను. ప్రతి రోగికీ ఒకటి నింపాలి. పురుగు కనిపించిన తేదీ, ఉన్న చోటు, ఏడాది కిందట తాగిన నీళ్లు ఎక్కడివన్నది. ఎస్తేరమ్మకు అక్షరాలు బైబిలుతో వచ్చాయి. నా భుజం మీదుగా ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది.

"నీళ్లు యాడివనే కాడ ఏమీ రాయలేదేంది?"

తర్వాత రాస్తానన్నాను.

"యాడ తాగినావు?"

చాలా ఊళ్లు తిరుగుతాను, ఎక్కడని చెప్పగలనన్నాను.

"యాడా తాగవు నువ్వు. బస్టాండులో గూడా సీసానే తీస్తావంట. పేటంతా చెప్పుకోని నవ్వుకుంటిమి. నువ్వు తాగిండేది మా చెంబులోనే. అదీ ఒక్కతూరే. పోయినేడు ఇదే నెల."

వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. ఒక మనిషి, ఒక చెంబు, ఒక ఏడాది. ఏ ప్రయోగశాలలోనూ ఇంత శుభ్రమైన ప్రయోగం చేయలేరు. చేయడానికి అనుమతి కూడా ఇవ్వరు.

"తెలిసే తాగితివా?" అని అడిగింది.

తెలిసే తాగానన్నాను.

"వద్దని చెప్పొచ్చు గదా."

"వద్దంటే నువ్వేమనుకునేదానివవ్వా?"

ఆమె లేచి కొడుకు మంచం దగ్గరికి పోయి, వాచిన మోకాలి మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"ఈ చేత్తోనే పోస్తాండా. ఈ చేత్తోనే తీస్తాండా," అంది. నాతో అన్నది కాదు, అతనితోనూ కాదు.

మర్నాడు వెళ్లేసరికి కుండ మూతికి గుడ్డ కట్టి ఉంది. ఆదివారాలకు కట్టుకునే తెల్లచీర కొంగు, రెండు మడతలు. నా పత్రంలో ఆ గడిలో 'దిగుడు బావి' అని రాశాను. ఎవరింట్లో అన్నది రాయడానికి పత్రంలో చోటు లేదు. ఉన్నా రాసేవాణ్ణి కాదు. రాయాల్సిన పని కూడా లేకపోయింది. తర్వాతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఆమె లేచి నిలబడి, సారుకు నారి మా చెంబులోంచే పోయిందని తానే చెప్పింది. నేను ఏడాది పాటు చెప్పిందాన్ని ఆమె నాలుగు ముక్కల్లో ముగించింది. ఆ నెలలోనే బావిలో టెమిఫాస్ వేశాం. ఎవరూ అడ్డం రాలేదు. చలికాలం ముగిసేలోపు మెట్లు మూసి గట్టు కట్టించి, రెండు గిలకలు పెట్టాం. మెట్లు మూసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇరవయ్యో మెట్టు దాకా రాళ్లు పడ్డాక ఇవతలికి వచ్చేశాను.

దేవదానం మోకాలు పూర్తిగా మడత పడలేదు. చర్చిలో గంట కొట్టే పని ఇచ్చారు. ముందటి ఏడు ఆ జూలైలోనే ఆ ఇంట్లో గుడ్డ కట్టి ఉంటే ఆ కాలు దక్కేదా అని తేదీలు వేసుకుని చాలాసార్లు లెక్క చూశాను. దక్కేదని గానీ, దక్కేది కాదని గానీ తేల్చలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు.

ఆ తర్వాత రెండో ఏటికి రిజిస్టరులో ఆ పేట పేజీ ఖాళీగా ఉంది. చెప్పడానికి వెళితే ఎస్తేరమ్మ చీపురుపుల్లల కట్ట చూపించి, "నా పని తీసేసినావు గదా నాయనా," అంది. అప్పటిదాకా నన్ను సారూ అనే పిలిచింది. నీళ్లు తెచ్చింది. గిలకతో చేది, గుడ్డతో వడకట్టినవి. కొంచెం గుడ్డవాసన వేశాయి. తాగాను. నేను వెతికిన రుచి అందులో లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పకూడదు కదా, ఆ రుచిని తీసేయించింది నేనే.

1988లో నన్ను అవుకు వైపు మార్చారు. ఆమె పోయిందన్న కబురు కార్డు మీద ఆలస్యంగా వచ్చింది. రిటైరయ్యాక ఒకసారి ఆ పేటకు పోయి బావి గట్టు మీద కూర్చుని వచ్చాను. ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి. గిలకలు లేవు. లోపలికి తొంగిచూస్తే నీళ్లు కనిపించలేదు, చల్లదనం మాత్రం మొహానికి తగిలింది. ఒక ఇంటివాళ్లు నాకు మూత సీలు వేసిన సీసా ఇచ్చారు. నేను ఎవరో వాళ్లకు తెలియదు. మర్యాదగానే ఇచ్చారు. ఆ చెంబు కోసం అటూ ఇటూ చూసిన మాట నిజం.

ఈ ఉదంతం వల్ల నేర్చుకున్నది చిన్న విషయం. దాన్ని తర్వాత నా కింద పనిచేసిన వాళ్లందరికీ మొదటి రోజే చెప్పేవాణ్ణి. పురుగును కాలిలో పెంచుకుని రుజువు చూపడం పద్ధతి కాదు, ఎవరికీ సిఫారసు చేయను. తప్పు నేను ఆ నీళ్లు తాగడంలో లేదు. అంతకు ముందు నెల రోజులు వాళ్ల ఎదుట నా సీసా నీళ్లు తాగడంలో ఉంది. సొంత నీళ్లు మోసుకొచ్చేవాడు నీళ్ల గురించి ఏం చెప్పినా ఎవరూ వినరు. 1985 జూలై తర్వాత ఉద్యోగం ముగిసేదాకా నేను సీసా మోయలేదు. సంచిలో గుడ్డ పెట్టుకుని వెళ్లాను. వెళ్లిన ప్రతి ఇంట్లో నీళ్లు నేనే అడిగి, వాళ్ల ముందే వడకట్టుకుని తాగాను.