పర్లేదండి అన్నప్పుడల్లా వెలిగిన లైటు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఏడిపించే రకాన్ని నేను. ఇప్పుడు ఇది చెబితే మా అక్క నన్నే ఏడిపిస్తోంది. ఏడిపించనీ.

తెనాలిలో ఒక చెవి, ముక్కు, గొంతు ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. అద్దం ఉన్న చిన్న గదిలో పేషెంటుని కూర్చోబెట్టి చేతికి బటన్ ఇస్తాం. శబ్దం వినపడితే నొక్కాలి. నొక్కితే బయట నా మిషన్ మీద పచ్చలైటు వెలుగుతుంది.

చెవిలో హోరని వచ్చేవాళ్ళని పరీక్షయ్యాక కొన్ని ప్రశ్నలు కూడా అడగాలి. నిద్ర పడుతోందా, పని మీద మనసు నిలుస్తోందా, ఊరికే కోపం వస్తోందా అని. హోరు మనిషిని ఎంత పీక్కుతింటోందో ఆ జవాబుల్ని బట్టే తెలిసేది. మనవాళ్ళతో చిక్కేంటంటే, ఇంట్లోవాళ్ళు పక్కనుంటే ఏది అడిగినా పర్లేదండి అంటారు.

భట్టిప్రోలు నుంచి వచ్చిన ఆ రైతూ అంతే. అరవై దాటిన మనిషి, పక్కన భార్య. పరీక్షయ్యాక బయటికొచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. నిద్ర పడుతోందా అన్నాను. పర్లేదండి అన్నారు.

పచ్చలైటు వెలిగింది.

పని చేసుకోగలుగుతున్నారా అన్నాను. పర్లేదండి. మళ్ళీ వెలిగింది. అద్దంలోంచి చూశాను. లోపల కుర్చీ ఖాళీ, బటన్ కొక్కేనికి వేలాడుతోంది. బటన్ వైరు లూజేమోనని మిషన్ నుంచి పీకి టేబుల్ మీద పడేశాను.

చివరి ప్రశ్న, ఈ హోరుతో ఇక బతకలేననిపిస్తోందా అని. ఆయన నవ్వి, అబ్బే, పర్లేదండి అన్నారు. ఈసారి వెలిగిన లైటు ఆరలేదు.

చాలా భయమేసింది. ఆ భయంలోనే కాగితం పక్కన పెట్టేసి అడిగాను.

"బాబాయ్ గారూ, నిజం చెప్పండి."

ఆయన తల దించుకున్నారు. "రెండుసార్లు కాలవ దాకా వెళ్ళి వెనక్కొచ్చానమ్మా."

లైటు ఆరిపోయింది.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. మా డాక్టరుగారు ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. హోరు ఇంకా ఉందట గానీ, నిద్రపోతున్నారు. మొన్న వచ్చినప్పుడు కాసిని మినుములు ఇచ్చి వెళ్ళారు.

రిపేరతను మిషనంతా విప్పి చూసి ఏ లోపమూ లేదన్నాడు. వైరు లేకుండా ఎలా వెలిగిందంటే, మీరే పొరబడి ఉంటారు మేడమ్ అన్నాడు. ఉండొచ్చు. నాకైతే ఈరోజుకీ అర్థం కాలేదు.

పోయిన వారం పేషెంట్లెవరూ లేనప్పుడు అక్క ఫోన్ చేసింది. ఎలా ఉన్నావే అంది. పర్లేదక్కా అన్నాను.

లైటు వెలిగింది.

నాకు ఏ బాధా లేదు. ఉన్నట్టు నాకు తెలియదు.