అరువు బాబాయి, ఒక గరిటె

అరువు బాబాయికి అడగడమే తప్ప ఇవ్వడం రాదు. ఆయన సేవాసంఘాల సమాఖ్యకు కార్యదర్శి. ఊళ్ళోని చిన్నాచితకా సంఘాలన్నిటినీ ఆదుకోవడం ఆ సమాఖ్య పని. "మీ అందరికీ మేం గొడుగులాంటి వాళ్ళం" అని ప్రతి సభలోనూ చెబుతాడు. సభయ్యాక వాన పడితే మాత్రం ఎవరి గొడుగులోనో దూరి ఇంటికి పోతాడు.

సాయం కావాలని ఎవరు వెళ్ళినా ఆయనే ఎదురు అడుగుతాడు. కుర్చీలు కావాలని కుట్టుసంఘం వాళ్ళు వెళితే, "అలాగే తల్లీ, ముందు మీ కత్తెర ఇవ్వండి" అన్నాడు. ఆ కత్తెర రక్తదాన సంఘం వాళ్ళకు రిబ్బను కత్తిరించడానికి వెళ్ళింది. కుర్చీలు వృద్ధుల సంఘం నుంచి వచ్చాయి. కూర్చునే దిక్కులేని వృద్ధులు, ఇదంతా తమకు పోటీగా ఉన్న వయోవృద్ధుల సంఘం పనేనని నిలబడే తిట్టుకున్నారు. ఈ రెండు సంఘాలకూ తేడా ఏమిటని అడిగితే, "వాళ్ళు ముసలాళ్ళండీ" అని ఇద్దరూ చెబుతారు.

పెద్దాసుపత్రిలో రోగులకు తోడుండేవాళ్ళకు అన్నం పెట్టే సంఘం వంటక్కది. సంఘమంటే ఆమె, ఆమె భర్త. ఆమె వండేది, ఆయన మోసుకెళ్ళి వడ్డించేవాడు. ఆయన పోయాక ఆ పొయ్యిలో పిల్లి లేవలేదు.

ఒకరోజు ఆమె సమాఖ్య గదికి వెళ్ళింది. గుమ్మం కన్నా పెద్ద బోర్డు కింద బాబాయి కూర్చుని ఉన్నాడు.

"మా సంఘం పేరు కొట్టేయండి బాబాయిగారూ. ఇక నావల్ల కాదు."

"కొట్టేద్దాంలే, దానికేం! మీ పెద్ద గరిటె ఓసారి ఇస్తావా?"

"మూసేస్తానంటుంటే గరిటేమిటండీ?"

"మూసేసే కొట్లోనే కదమ్మా సరుకు తేలిగ్గా దొరికేది!"

వదిలించుకుంటే చాలని పంపించింది. వారం దాటినా గరిటె తిరిగి రాలేదు. కబురు పెడితే, "నువ్వే వచ్చి పట్టుకుపో. నా మోకాళ్ళు కూడా ఎవరికో అరువిచ్చాను" అని జవాబొచ్చింది.

ఎక్కడలేని కోపంతో వెళ్ళింది వంటక్క. సమాఖ్య పెరట్లో పొగ. కుట్టుసంఘం ఆడవాళ్ళు గుండిగ చుట్టూ దగ్గుతున్నారు. అన్నం ఆసుపత్రి వాళ్ళకేనట.

"అక్కా, అడుగంటుతోందంటావా?"

"మిషన్ తొక్కినట్టు తిప్పితే అంటక ఏం చేస్తుందే? మంట తగ్గించు! ఇటియ్యి గరిటె!"

కొంగు బిగించింది. గరిటె పట్టుకుపోదామని వచ్చిన మనిషి, ఆఖరి క్యారేజీ నింపి రక్తదానం వాళ్ళ బండి ఎక్కించేదాకా కదల్లేదు.

"వాళ్ళ బండి మీకెలా దొరికిందే?" అంది నుదురు తుడుచుకుంటూ.

"కత్తెర కోసం పోట్లాటకెళ్ళాం కదక్కా. పోట్లాటలోనే స్నేహమైంది."

గిన్నెలు సర్దడానికి కొట్టుగది తలుపు తీసింది వంటక్క. గోడకు వరసగా గరిటెలు వేలాడుతున్నాయి. ఒకటి ఆమె గరిటె కన్నా పెద్దది.

"బాబాయిగారూ! ఇన్ని పెట్టుకుని నాది అడిగారా?"

పాలు తాగుతూ దొరికిన పిల్లిలా చూశాడు బాబాయి.

"ఉన్నాయి తల్లీ. వాటి వెంట నువ్వు రావుగా!"

వంటక్క తన గరిటె చేతిలోకి తీసుకుంది. ఆయనే మాట మార్చాడు.

"సరే, మీ సంఘం పేరు కొట్టేద్దామా?" అంటూ కలం కోసం జేబు తడుముకున్నాడు. లేదు. "ఓసారి నీది ఇస్తావా?"

"ఇవ్వను" అంది వంటక్క గరిటె చంకన పెట్టుకుంటూ. "బియ్యం ఎవరినడుగుతారో అడగండి. రేపు మా ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నాను."