తండా ముందు మూల

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు పోయే స్టేట్ హైవే మీద తిరిగే బస్సులో నేను కండక్టర్‌ని. పేరు పుష్ప. ఈ రోడ్డు మీద నన్ను రోజూ సతాయించిన మనిషి ఒకావిడ ఉంది. పేరు సాలి. ఆమె సంగతి చెప్పాలంటే ముందు మూల సంగతి చెప్పాలి.

హుజూర్‌నగర్ దాటి కొంత దూరం పోతే ఒక తండా వస్తుంది. దాని ముందు రోడ్డు తిన్నగా పోకుండా, పనేదో గుర్తొచ్చినట్టు ఎడమకు తిరిగి, ఒక చేనును చుట్టి మళ్లీ దారిలోకి వచ్చేది. ఆ మలుపునే అందరూ మూల అనేవారు. వెనకటికి అక్కడంతా రేగడి బురదట. ఎడ్లబండ్లు దిగబడతాయని పక్కనుంచి తిప్పుకుని పోయేవారు. ఆ బండ్ల బాట మీదే మొరం పోశారు, మొరం మీద కంకర, కంకర మీద డాంబర్. బురద ఎప్పుడో ఎండి పత్తిచేను అయింది గానీ, రోడ్డు మాత్రం దాన్ని తప్పించుకు తిరుగుతూనే ఉంది. లేని బురదకు భయపడే రోడ్డని మా డ్రైవర్ వెంకన్న ఎగతాళి చేసేవాడు.

ఆ డాంబర్ పోసిన కూలీల్లో సాలి ఒకతె. కొత్తగా పెళ్లయి, భర్త దస్రుతో కలిసి రోడ్డు పనికి వచ్చింది. ఆయన డాంబర్ కాగబెడితే ఈమె కంకర తట్టలు మోసింది. "లగ్గమైనంక మేమిద్దరం కలిసి కట్టిన మొదటి ఇల్లు గిదే బిడ్డా" అని రోడ్డును చూపించి నవ్వేది.

తర్వాత కాలువ నీళ్లొచ్చి రెండు పంటలు పండసాగాయి. అందరికీ వడ్లున్నాయి, ఆరబోసుకునే కల్లం ఎవరికీ లేదు. తేమ ఉంటే వడ్ల కొనుగోలు సెంటర్లో కొనరు. అందుకని కోతలు మొదలైతే సగం రోడ్డు వడ్లే. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు, పొద్దు గుంకే వేళకు కుప్ప చేసి నల్ల పట్టా కప్పుతారు. బస్సులో మేం తిట్టుకుంటాం. మా అన్నదమ్ముల వడ్లూ ఇంకో రోడ్డు మీద అలాగే ఆరుతుంటాయి కాబట్టి కాస్త మెల్లగానే తిట్టుకుంటాం.

ఒక యాసంగి కోతల్లో సాలి కూడా తన వడ్లు ఆ మూలలోనే పోసింది. అక్కడ చెట్ల నీడ పడదు, ఎండ బాగా తగులుతుంది. సాయంత్రం మబ్బు పడితే గబగబా కుప్ప చేసి, పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి ఇంటికి పోయింది. దస్రు మిర్యాలగూడ రైస్ మిల్లులో పని ముగించుకుని బండి మీద వస్తున్నాడు. మసక వెలుతురు, పైగా మూల, నల్ల డాంబర్ మీద నల్ల పట్టా. రాయి తగిలి ఎగిరిపడ్డాడు. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. వడ్లు సాలివి, ఆ రాయి పెట్టిన చేతులూ సాలివే. ఈ మాట ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. రెండోసారి చెప్పబోతే నేనే ఆపేశాను, వినలేక.

అప్పటినుంచి ఆమె రోడ్డు మీద గింజ పొయ్యలేదు. మా బస్సు వచ్చే వేళకు ఎదురొచ్చి, "మూల కాడ హారన్ కొట్టు బిడ్డా, మర్సిపోకు" అని వెంకన్నకు చెప్పేది. వడ్లెత్తుకుని రాళ్లు మాత్రం రోడ్డు మీదే వదిలేసి పోవడం మావాళ్ల అలవాటు కదా, వాటిని ఏరి కాస్త ఎడంగా ఉన్న వేపచెట్టు కింద పోసేది. ఏళ్ల తరబడి పోస్తే అది చిన్న గుట్టంత అయింది. తండాలో అందరికంటే ఎక్కువ పండించే హేమ్లాతో ప్రతి కోతకూ పంచాయితీయే. లంబాడీలో తిట్టేది, తెలుగులో బతిమాలేది.

"రోడ్డు మీద పోయకుంటే వడ్లు నీ నెత్తి మీద ఆరబొయ్యాల్నా?" అని హేమ్లా ఒకసారి అరిచాడు.

ఆ రోజు సాలి బస్సెక్కి నా పక్కన కూచుని, "నిజమే గదా బిడ్డా, మరి యాడ పోస్తరు?" అని నన్నే అడిగింది.

పోయినేడు రోడ్డు వెడల్పు పని వచ్చింది. చేను మధ్యనుంచి తిన్నగా కొత్త రోడ్డు వేశారు. మూల విడిగా, ఎవరికీ అక్కర్లేని ముక్కగా మిగిలిపోయింది. ఒక పొద్దున మా బస్సు వచ్చేసరికి ఆ పాత ముక్కను తవ్వడానికి జేసీబీ వచ్చి ఉంది. దాని ముందు సాలి కాళ్లు చాపుకుని కూచుంది.

నేను దిగి పరుగెత్తాను. "ఏంటమ్మా ఇది? లే!"

"నేను లెవ్వ. గింత మంచి కల్లం తవ్వుతరా? గీడ బండ్లు రావు, మనుషులు పడరు. వడ్లన్నీ గీడనే ఆరతయి."

హేమ్లా అడిగినదానికి జవాబు దొరికిందన్నమాట. పని చూడటానికొచ్చిన ఇంజినీరు అరుణ మేడం ఓపికగానే చెప్పింది. "తవ్వకుండా వదిలేస్తే తెలియని బండ్లు ఇందులోకి వస్తాయమ్మా. ఎవరికైనా దెబ్బ తగిలితే ఎట్లా?"

"రెండు దిక్కుల బంద్ చేస్తే?"

"దేంతో చేస్తావు?"

సాలి లేచింది. వేపచెట్టు దగ్గరికి పోయి ఒక రాయి తెచ్చి పాత రోడ్డు మొదట్లో పెట్టింది. గుంపులో నిలబడి చూస్తున్న హేమ్లా వైపు తిరిగింది.

"ఏంది సూస్తున్నవ్? నువ్ పారేసినయే ఇవన్నీ. ఎత్తు."

హేమ్లా తలొంచుకుని ఎత్తాడు. అతని వెనకే తండా అంతా కదిలింది. మా ప్రయాణికులు కూడా దిగి తలా ఒక రాయి పట్టారు. వెంకన్న టైం అయిపోతోందని గొణుగుతూనే అందరికంటే పెద్దది మోశాడు. రెండు కొసలా గోడలు లేచేసరికి మేడం జేసీబీని వెనక్కి పంపి, పైవాళ్లను నేను ఒప్పిస్తానంది. ఒప్పించింది కూడా.

ఈ యాసంగిలో తండా ముందు హైవే మీద ఒక్క గింజ లేదు. అన్నీ పాత మూలలోనే ఉన్నాయి. సాలి కూడా ఈసారి అక్కడే పోసింది, సరిగ్గా దస్రు పడిన చోట. చెప్పుల్లేని కాళ్లతో వడ్లలో అటూ ఇటూ నడుస్తూ వాటిని తిరగబెడుతోంది. కొత్త రోడ్డు మీద మా బస్సు తిన్నగా పోతోంది. మూల లేకపోయినా వెంకన్న చెయ్యి అలవాటుగా హారన్ మీద పడింది.

సాలి చెయ్యెత్తి మమ్మల్ని ఆపింది. వడ్ల దుమ్ము కాళ్లతోనే వచ్చి డ్రైవర్ కిటికీ కింద నిలబడింది.

"ఇగ హారన్ కొట్టకు బిడ్డా. మా ఆయనను జర పండుకోనియ్యి."

నాకు ఏడుపు ఆగలేదు. వెంకన్న అద్దం తుడిచే గుడ్డతో కళ్లు తుడుచుకుని, బస్సును నెమ్మదిగా, చప్పుడు లేకుండా ముందుకు పోనిచ్చాడు.