తీగల మీద వేసిన నింద

ముసలి రైతు మాన్‌బోక్ పెర్సిమన్ పండ్ల తోట మీదుగా పెద్ద కరెంటు తీగలు వెళ్తాయి. పొగమంచు పట్టిన ఉదయాల్లో అవి చిటచిటలాడతాయి. వాన వెలిశాక ముక్కుకు ఘాటు తగులుతుంది. అది ఓజోన్ అనీ, తీగల చుట్టూ ఉన్న గాలిలోకి కరెంటు పాకితే పుడుతుందనీ ఊరంతటికీ తెలుసు. టవర్లు వద్దని కొండదారిలో గుడారం వేసుకుని కూర్చున్న రోజుల్లో నేర్చుకున్న మాట అది.

వేసవి చివర అతని చెట్ల ఆకుల మీద గుండ్రటి నల్లంచు మచ్చలు లేచాయి. కాయ పండకముందే ఆకు రాలింది.

మధ్యాహ్నం ఊరి చావడిలో అందరూ కలిసి తింటారు. మాన్‌బోక్ గుప్పెడు ఆకులు తెచ్చి యోంగ్‌హో వదిన కిమ్చి పచ్చడి గిన్నె పక్కన పోశాడు. యోంగ్‌హో ఆమె పుట్టిన ఊరు; ఇక్కడ ఆమెను పిలిచేది ఆ పేరుతోనే. టవరు కట్టడానికి తన కొండవాలు ఇచ్చింది ఆమె.

“తిను వదినా. నీ టవరు వండిన ఆకుకూర.”

ఎవరో నవ్వారు. ఆమె చెంచా కింద పెట్టి లేచింది. మళ్లీ చావడికి రాలేదు.

మాన్‌బోక్ పిలిపిస్తే వ్యవసాయ కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మంచు పట్టిన ఉదయం చూసి ఓజోన్ కొలిచే మీటరు పెట్టింది. తీగల కిందా, దూరంగా రోడ్డు మీదా ఒకే అంకె.

“ఓజోన్ పుడుతుంది తాతా. కొంచెమే. కిందికి దిగేలోపే గాలిలో కలిసిపోతుంది. ఈ మచ్చలు బూజు వల్ల వచ్చే ఆకుమచ్చ తెగులు. నిరుడు రాలిన ఆకుల్లో దాక్కుని వసంతంలో పైకి లేస్తుంది. చలికాలం ఆకులు ఊడవలేదా?”

“గుడారంలో ఉన్నాం” అన్నాడు. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఏటా ఆ పని అతనూ యోంగ్‌హో వదినా బదులు చేసుకునేవారు. ఒకనాడు ఆమె అతని తోటలో, మరునాడు అతను ఆమె తోటలో. నిరుడు కూడా ఆమె వెదురు చీపురు పట్టుకుని వచ్చింది.

“టవరుకు చోటిచ్చిన చేతులు నా చెట్ల కిందికి రానక్కర్లేదు” అని పంపేశాడు. ఒక్కడే ఊడవలేక వదిలేశాడు.

ఆమె తోటా ఆ తీగల కిందే ఉంది. అక్కడ చెట్ల నిండా ఆకు. రోజూ చూశాడు. చూడనట్టే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఆమె గుమ్మం ముందు నిలబడి “వదినా, తప్పయింది” అన్నాడు. తలుపు తెరవకుండానే ఆమె అంది:

“పదిమందిలో అన్న మాటను గోడచాటున వెనక్కి తీసుకుంటావా?”

మర్నాడు పొద్దున చావడిలో గ్రామపెద్ద ఊరంతటికీ వినిపించే మైకు ఇచ్చాడు. “నాలుగు ముక్కలు చెప్పు. పాట ఎత్తుకోకు.”

“నేను మాన్‌బోక్‌ని. నా తోటకు తెగులు తెచ్చింది తీగలు కాదు, నా పొగరు. యోంగ్‌హో వదినను అందరి ముందూ అవమానించాను. తప్పు నాది. టవర్లు నాకిప్పటికీ వద్దు. అది వేరే సంగతి.”

పక్కకు జరిగి గ్రామపెద్దను అడిగాడు. “వినుంటుందంటావా? మహా మొండిది.”

“మైకు ఇంకా ఆపలేదురా” అన్నాడు గ్రామపెద్ద.

చావడి ఫోను మోగితే మాన్‌బోక్ ఎత్తాడు.

“మొండిదాన్నే. మధ్యాహ్నం వస్తున్నా. నా ఎదురుగా కూర్చో, తప్పించుకోకు.”

మాన్‌బోక్ ఫోను పెట్టేసి, అప్పుడు మైకు ఆపాడు. పొలాలకు వెళ్తున్నవాళ్లు కిటికీలోంచి తొంగిచూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.